ఇరవై గ్రాముల దూరం

ఎర్రగడ్డ రైతు బజారులో రెండు కాటాలు ఉన్నాయనుకోండి. కిలో సరుకు ఒకదాని మీద సగటున 1,000 గ్రాములు చూపిస్తుంది, రెండోదాని మీద 1,020. ఈ రెండింటి మధ్య దూరమెంత? ఇరవై గ్రాములే కదా అంటే నేనొప్పుకోను. తూకానికీ తూకానికీ మధ్య విచలనం 5 గ్రాములే అయితే ఆ ఇరవై పెద్ద తేడా. విచలనం 50 అయితే అది లెక్కలోకే రాదు. బేరమాడే వాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది.

దీన్ని జ్యామితిగా మలిచినవారు మన కల్యంపూడి రాధాకృష్ణారావు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన వ్యాసం అచ్చయింది. అప్పటికి పాతికేళ్లవాడు. క్రామర్-రావు అసమీకరణం, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం అందులోవే, పాఠ్యపుస్తకాలకెక్కాయి. నాకిష్టమైనది అందులోని మూడో సంగతి, దూరం.

సగటును అడ్డంగా, విచలనాన్ని నిలువుగా పెట్టండి. ఒక్కో కాటా ఒక్కో చుక్క అవుతుంది. ఎక్కడ అడుగు వేసినా దాన్ని అక్కడి విచలనంతో భాగించి కొలవాలి, నిలువు అడుగైతే √2తో హెచ్చించాలి కూడా. అలా కొలిస్తే, గంట ఆకారపు నార్మల్ పంపిణీలన్నీ ఉండే ఈ తలానికి అన్నిచోట్లా ఒకటే వక్రత: మైనస్ అర. ఇలాంటి తలాన్ని ఎక్కడా అంచు రాకుండా, నునుపు చెడకుండా, మన మూడు కొలతల లోకంలో పూర్తిగా నిలబెట్టలేమని గణితవేత్త హిల్బర్ట్ 1901లో రుజువు చేశాడు.

ఈ తలం మీద దగ్గరి దారిని చేత్తో లెక్కకట్టడం నాకు అలవాటు. ఆ దారికి రెండు అవకలన సమీకరణాలుంటాయి. పెన్సిల్ పట్టి సాధిస్తే మొదట తేలేది ఇది: సమవేగంతో నడిస్తే, సగటు మారే వేగాన్ని విచలనం వర్గంతో భాగించగా వచ్చేది దారి పొడవునా మారదు. విచలనం రెట్టింపైన చోట సగటు నాలుగింతల వేగంతో జరుగుతుంది. అందుకే అడ్డంగా నేరుగా పోవడం నష్టం. విచలనం 5 ఉన్న మన రెండు కాటాల మధ్య నేరుగా పోతే దూరం 4. దీర్ఘవృత్తపు చాపం మీదుగా, విచలనం 8.66 దాకా ఎక్కి దిగితే సుమారు 3.24. విచలనం 50 దగ్గర ఈ చుట్టుదారి దండగే అనాలి: 0.4 కాస్తా 0.399 అవుతుంది, అంతే.

అంటే ఒక నిశ్చయం నుంచి మరో నిశ్చయానికి దగ్గరి దారి కొంత సందేహం మీదుగా పోతోంది. వేదాంతం చెప్పడం నా పని కాదు, లెక్కే అలా ఉంది మరి.

నేను చూసిన డిగ్రీ తరగతుల్లో అవకలన సమీకరణాలంటే పద్ధతుల జాబితా. స్టాటిస్టిక్స్ తరగతిలో రావు అంటే పరీక్షలో రాసే ఒక అసమీకరణం. ఈ రెండు గదుల మధ్య తలుపు ఉందని పిల్లలకు ఎవరూ చెప్పరు. 2023 ఆగస్టులో, నూట రెండేళ్ల వయసులో రావుగారు కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరిట సంస్థ ఉంది, పక్కనున్న రోడ్డుకూ ఆయన పేరే పెట్టారు. 1945 నాటి ఆ వ్యాసం పదకొండు పేజీలే. పాఠం చెప్పే మాస్టార్లకు నా మనవి: వచ్చే సెమిస్టర్‌లో ఈ రెండు కాటాల లెక్క ఒక్కటి పిల్లలకివ్వండి, చేత్తోనే చెయ్యమనండి.