మరుసటి ఏడు ఎవరు ఆడారు?

మొన్న దసరాకు హుస్నాబాద్ పోయినప్పుడు, మధ్యాహ్నం ఏమీ తోచక ‘భీమిలి కబడ్డీ జట్టు’ మళ్ళీ చూశాను. 2010 జులైలో ఆ సినిమా వచ్చినప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నా. హాస్టల్ గదిలో ఏడెనిమిది మందిమి ఒకే లాప్‌టాప్ చుట్టూ కూర్చుని చూశాం. అయిపోయాక కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఒకడు బాత్రూమ్‌కు పోయి మొహం కడుక్కొచ్చాడు. ఈసారి చూస్తే ఏడుపు రాలేదు. ఒక ప్రశ్న వచ్చింది: సూరి చచ్చిపోయాడు సరే, మరుసటి ఏడు ఆ జట్టు ఆడిందా? అతని బదులు కూతకు ఎవరు వెళ్ళారు?

ముందే చెప్పేస్తున్నా, ఈ వ్యాసంలో ఆ సినిమా ముగింపూ, ఒక నవల కథా రెండూ బయటపడిపోతాయి.

‘భీమిలి కబడ్డీ జట్టు’ తాతినేని సత్య తీసింది. 2009లో సుశీంద్రన్ తన మొదటి సినిమాగా తీసిన తమిళ ‘వెన్నిల కబడి కుళు’కి రీమేక్. నాని హీరో. రెండు భాషల్లోనూ శరణ్యా మోహనే ఆ అమ్మాయి, కిశోరే కోచ్. కథ చాలా చిన్నది. ఊళ్ళో ఒక కబడ్డీ జట్టు. ఆడటం వచ్చు గానీ గెలవడం రాదు. జాతరకు వచ్చిన ఒక అమ్మాయితో సూరికి పరిచయం అవుతుంది. జట్టు అనుకోకుండా ఒక పెద్ద పోటీలోకి వెళ్తుంది, ఒక కోచ్ దొరుకుతాడు, గెలుస్తుంది. చివరి ఆటలో సూరి ప్రాణం పోతుంది. మరుసటి ఏడు జాతరకు ఆ అమ్మాయి మళ్ళీ వస్తుంది. ఆమెకు సంగతి తెలియదు. అతని కోసం వెతుక్కుంటుంది.

నాకు ఇందులో ఇప్పటికీ ఇష్టమైనది మొదటి సగం. మన సినిమాల్లో ఓటమి అంటే ఇంటర్వెల్ ముందు వచ్చే ఒక దెబ్బ, దాని పని హీరోకి కోపం తెప్పించడం. ఇక్కడ అలా కాదు. ఓడిపోవడం ఆ కుర్రాళ్ళకు అలవాటైన పని. పొద్దంతా ఎవరి పనులు వాళ్ళు చేసుకుని, సాయంత్రం కలిసి ఆడి, ఓడి, ఒకర్నొకరు తిట్టుకుంటూ ఇంటికి పోతారు. ఊరు వాళ్ళను చూసి నవ్వుతుంది, అయినా మళ్ళీ ఆడతారు. ఎందుకు ఆడతారో సినిమా వివరించదు. వివరించకపోవడం వల్లే ఆ జట్టుకు ఈ కథకంటే ముందే కొన్నేళ్ళ బతుకు ఉందని నమ్ముతాం.

పక్కన మిగతావి పెట్టి చూడండి. ‘ఒక్కడు’ (2003)లో మహేశ్ కబడ్డీ ఆటగాడే, కానీ కబడ్డీ అతన్ని కర్నూలు దాకా తీసుకెళ్ళే బస్సు టికెట్ లాంటిది. అక్కడ అమ్మాయి కనబడ్డాక జట్టుతో మనకు పెద్దగా పని ఉండదు. ‘గోల్కొండ హైస్కూల్’ (2011) నిజంగా పిల్లల జట్టు కథ. గెలిస్తే బడి మైదానం దక్కుతుంది, ఓడితే పోతుంది. ‘సీటీమార్’ (2021)లో అమ్మాయిల జట్టు గెలుపు మీద ఒక బడి బతుకు ఆధారపడి ఉంటుంది. ఈ రెండూ నాకు నచ్చిన సినిమాలే. కానీ వీటిలో జట్టు వయసు ఒక్క సీజన్. కోచ్ వచ్చిన రోజు పుడుతుంది, కప్పు ఎత్తిన రోజు అయిపోతుంది.

భీమిలి వీటికి భిన్నంగా మొదలై, చివరికి అదే దారి పట్టింది. పైగా ఒక చావును అడ్డం పెట్టుకుంది. సూరి చనిపోయాక కెమెరా ఆ అమ్మాయి ఎదురుచూపు మీదే ఉంటుంది. మిగిలిన కుర్రాళ్ళు ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో ఏం మాట్లాడుకున్నారు? వాళ్ళలో ఎవడైనా మళ్ళీ బరిలో కాలు పెట్టాడా? ప్రేమకథగా ఆ ముగింపు నిలబడుతుంది. జట్టు కథగా మాత్రం నన్ను సగంలో వదిలేసింది. పేరులో ఉన్నది సూరి కాదు కదా, జట్టు.

ఈ ప్రశ్నకు జవాబు నాకు చాలా దూరంలో దొరికింది. స్వీడన్ రచయిత ఫ్రెడ్రిక్ బాక్‌మన్ 2016లో రాసిన నవల ‘బేర్‌టౌన్’. ఇంగ్లిష్‌లో 2017లో వచ్చింది. అడవి మధ్య ఒక చిన్న ఊరు. పనులు పోతున్నాయి, జనం వెళ్ళిపోతున్నారు. మిగిలింది ఒక ఐస్ హాకీ క్లబ్బు, అందులో పదిహేడేళ్ళ కుర్రాళ్ళ జూనియర్ జట్టు. వాళ్ళు జాతీయ పోటీ గెలిస్తే హాకీ శిక్షణ బడి తమ ఊరికే వస్తుందనీ, దాంతోపాటు పెట్టుబడీ పనులూ వస్తాయనీ ఊరి ఆశ. సెమీఫైనల్ గెలిచిన రాత్రి విందులో జట్టు స్టార్ కెవిన్, క్లబ్బు మేనేజర్ కూతురు మాయను రేప్ చేస్తాడు. ఫైనల్‌కు బస్సు బయల్దేరే వేళ పోలీసులు అతన్ని దింపి తీసుకెళ్తారు. జట్టు ఓడిపోతుంది. ఊరు కోపం కెవిన్ మీద చూపించదు, మాయ మీద చూపిస్తుంది.

జూనియర్ జట్టు గురించి బాక్‌మన్‌కు ఒక సంగతి బాగా తెలుసు. అందులో ఎవరూ ఉండిపోరు. వయసు దాటగానే వెళ్ళిపోవాల్సిందే. రెండు మూడేళ్ళకు ఒకసారి జట్టు మొత్తం మారిపోతుంది. ఆటగాళ్ళు మారిపోయాక మిగిలేది రింకు, దాన్ని ఊడ్చే మనిషి, డబ్బులిచ్చేవాళ్ళు, గ్యాలరీలో కూర్చునే ఊరు. కాబట్టి జూనియర్ జట్టు చరిత్ర రాయడమంటే, ఆ ఊరు తన పిల్లల్నుంచి ఏం ఆశించింది, దానికి ఎవరితో వెల కట్టించింది అన్నది రాయడమే. ఈ నవలలో వెల కట్టింది మాయ. నిజం చెప్పేది అమత్ అనే పదిహేనేళ్ళ పిల్లాడు. వాళ్ళమ్మ ఫాతిమా ఆ రింకునే శుభ్రం చేస్తుంది. కెవిన్ తండ్రి డబ్బు ఆశ పెడతాడు. నోరు మూసుకుంటే జట్టులో చోటు, ఊళ్ళో గౌరవం. ఆ పిల్లాడు అందరి ముందు లేచి చెప్పేస్తాడు.

నవల అక్కడితో ఆగదు. కోచ్ పక్క ఊరు హెడ్‌లోని క్లబ్బుకు వెళ్ళిపోతాడు, చాలామంది ఆటగాళ్ళు అతని వెంటే పోతారు. కొద్దిమంది ఉండిపోతారు. ‘మరుసటి ఏడు ఎవరు ఆడారు’ అన్న ప్రశ్నతోనే తర్వాతి నవల మొదలవుతుంది. బాక్‌మన్‌తో నాకు పేచీ లేకపోలేదు. ప్రతి అధ్యాయం చివరా ఒక సూక్తి చెప్పకపోతే ఆయనకు నిద్ర పట్టదు. జరగబోయేదాన్ని ముందే ఊరించి ఊరించి చెప్తాడు. వంద పేజీలు తగ్గిస్తే ఇంకా మంచి నవల అయ్యేది. అయినా ఆ ప్రశ్న అడిగినందుకు ఆయన్ని క్షమించొచ్చు.

ఇది కల్పన అనుకుంటే, కెనడాలో నిజంగా జరిగిన సంగతి ఒకటుంది. సస్కాచెవాన్ రాష్ట్రంలో హంబోల్ట్ అనే చిన్న పట్నం. అక్కడి జూనియర్ ఐస్ హాకీ జట్టు హంబోల్ట్ బ్రాంకోస్. 2018 ఏప్రిల్ 6న నిపావిన్ ఊరి జట్టుతో ఆడటానికి వెళ్తుంటే వాళ్ళ బస్సూ ఒక ట్రక్కూ ఢీకొన్నాయి. బస్సులో 29 మంది ఉంటే 16 మంది చనిపోయారు. ట్రక్కు డ్రైవర్ మన దేశం నుంచి వెళ్ళిన కుర్రాడు. తప్పు ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. మన సినిమా అయితే ఇక్కడ తెర పడిపోతుంది. హంబోల్ట్‌లో ఆ సెప్టెంబరు 12నే కొత్త సీజన్ మొదటి ఆట ఆడారు, అదే నిపావిన్ జట్టుతో. ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్ళలో ఇద్దరు మళ్ళీ ఆ చొక్కా వేసుకున్నారు. ఆ రోజు బ్రాంకోస్ ఓడిపోయింది. నాకు మాత్రం ఆ జట్టు చరిత్రలో గుర్తుపెట్టుకోవాల్సిన ఆటల్లో ఆ ఓటమి కూడా ఒకటి అనిపిస్తుంది.

ఇంత దూరం ఎందుకు పోయానంటే, మా ఊరి దగ్గరికి రావడానికి.

నేనూ బడి కబడ్డీ జట్టులో రెండేళ్ళు ఉన్నా. జట్టంటే పన్నెండు మంది. ఏడుగురు బరిలో, ఐదుగురు బయట. నేను ఆ ఐదుగురిలో ఒకణ్ణి. సున్నంతో గీతలు గీయడం, బనియన్లు లెక్కపెట్టడం, నీళ్ళు మోయడం. బడిలో పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్ళ పేర్లు పెయింటుతో రాసిన బోర్డు ఉండేది. కబడ్డీ వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండేవి కావు. కొన్నాళ్ళకు నా పేరు ఆ బోర్డెక్కింది. మా జట్టులో అందరికంటే బాగా రైడ్ చేసినవాడి పేరు ఎక్కలేదు. అప్పుడు అది అన్యాయమని నాకు తోచను కూడా లేదు.

సినిమా చూసిన సాయంత్రం వాడింటికి పోయాను. బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్లో పెట్టిన సర్టిఫికెట్ తీసి చూపించాడు. కరీంనగర్ జిల్లా అని ఉంది దాని మీద. స్పోర్ట్స్ కోటాలో ఏదైనా ఉద్యోగం వస్తుందేమోనని దాచుకున్నాడట.

“గిదేం పనికొస్తది రా ఇప్పుడు? మనది ఆ జిల్లానే కాకపాయె” అని నవ్వాడు.

నిజమే. 2016 అక్టోబరు 11న, దసరా రోజే, కొత్త జిల్లాలు వచ్చాయి. హుస్నాబాద్, కోహెడ సిద్దిపేటలోకి పోయాయి. చిగురుమామిడి, సైదాపూర్ కరీంనగర్‌లోనే ఉండిపోయాయి. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి వరంగల్ వైపు పోయాయి, ఇప్పుడది హన్మకొండ జిల్లా. అసెంబ్లీ నియోజకవర్గం ఒకటే, జిల్లాలు మూడు. పాలనకు అది ఎంత సుళువైందో నాకు తెలియదు గానీ, మేం ఎవరితో కలిసి జిల్లా సెలక్షన్లకు పోయామో, ఆ ఊళ్ళ పిల్లలు ఇప్పుడు వేరే జిల్లా బనియన్లు వేసుకుంటారు. మావాడి మేనల్లుడు సిద్దిపేట సెలక్షన్లకు పోతున్నాడు. వాడికి కాలు ఎలా విసరాలో నేర్పేది మాత్రం కరీంనగర్ సర్టిఫికెట్ ఉన్న మేనమామే.

అప్పుడు అర్థమైంది, నేను సినిమాను అడుగుతున్న ప్రశ్న నిజానికి నన్ను అడగాల్సిందని. మరుసటి ఏడు ఎవరు ఆడారు? నేను ఆడలేదు. కాలేజీకి పోయాను, హైదరాబాద్ పోయాను, హాస్టల్ గదిలో కూర్చుని సూరి కోసం ఏడ్చాను. వాడు ఉండిపోయాడు. ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లాడిని సాయంత్రం పూట మైదానానికి తీసుకుపోతూనే ఉన్నాడు. జట్టుకు చరిత్రంటూ ఉంటే, అది వాడి దగ్గరుంది.

మనకు మరో గెలుపు సినిమా అక్కర్లేదు. వస్తే చూస్తాను, ఈలలు కూడా వేస్తాను. కానీ నేను ఎదురుచూసే కథ ఇరవయ్యేళ్ళది. పిల్లలు వస్తారు, వయసు దాటి వెళ్ళిపోతారు. మట్టి బరి పోయి మ్యాట్ వస్తుంది. జిల్లా పేరు మారుతుంది. గీతలు గీసే మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. ఆ కథలో సూరి చనిపోతే చనిపోనీ. అతని చోటులోకి మరుసటి జాతరకు, గుండె దడదడలాడుతూ, గీత దాటే కుర్రాడి పేరేమిటో నాకు చెప్పాలి.

మావాడి మేనల్లుడికి సెలక్షన్‌లో చోటు రాలేదని నిన్న ఫోనొచ్చింది. వచ్చే ఏడు మళ్ళీ పోతాడట.