బీపీ పెరిగితే బ్యాగు చూడాలి

వెన్నుపాము దెబ్బతిన్న పేషంటు తల పగిలిపోతోందంటే అనుభవమున్న నర్సు మాత్రల డబ్బా వైపు వెళ్లదు. మంచం మీద నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేస్తుంది. బీపీ చూస్తూనే యూరిన్ బ్యాగు దాకా కాథెటర్ ట్యూబును తడుముతుంది. ఎక్కడైనా మడత పడిందా? తొడ కింద నలిగిందా?

తలనొప్పికి మూత్రాశయంలో కారణం వెతకడం వింతగానే ఉంటుంది. కానీ గుండెకు ఆదేశాలు రెండు దారుల్లో వస్తాయి. వేగం తగ్గించే వేగస్ నాడి వెన్నుపాముతో పనిలేకుండా మెదడు కాండం నుంచి నేరుగా దిగుతుంది. వేగం పెంచే, రక్తనాళాలను బిగించే సింపథెటిక్ నాడులకు ఆజ్ఞ అందేది మాత్రం వెన్నుపాము గుండానే. మెడ దగ్గర దెబ్బ తగిలితే మొదటి దారి మిగిలి, రెండోది తెగుతుంది.

దాంతో ఒకే మనిషికి రెండు రకాల ఆపదలు. మామూలు రోజుల్లో పై బీపీ 90 నుంచి 110 మధ్యే ఉంటుంది. లేపి కూర్చోబెడితే ఇంకా పడిపోయి కళ్లు తిరుగుతాయి. అప్పుడు వెంటనే పడుకోబెట్టాలి. పొట్టకు బెల్టు, కాళ్లకు బిగుతు మేజోళ్లు వేసేది అందుకే.

రెండోది దీనికి పూర్తిగా ఎదురు. ఛాతీ ఆరో స్థాయిలోగానీ, ఆ పైనగానీ గాయమైన వారిలో నిండిన మూత్రాశయం, మలబద్ధకం, పడక పుండు, చివరికి కాలి వేలిలోకి దిగిన గోరు కూడా గాయం కింది నాడులను రెచ్చగొడతాయి. పొట్టలో, కాళ్లలో రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎగబాకుతుంది. మెదడు ఆపమన్నా ఆ మాట గాయం దాటి కిందికి వెళ్లదు. వేగస్ ద్వారా గుండెను నెమ్మదింపజేయడమే దాని చేతిలో ఉంటుంది. అప్పుడు ముఖం ఎర్రబడి చెమటలు పడుతుంటే కాళ్లు పాలిపోయి చల్లబడతాయి. దీన్నే ఆటోనామిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారు. ఇప్పుడు పడుకోబెడితే బీపీ ఇంకా పెరుగుతుంది. కూర్చోబెడితే రక్తం కాళ్లలోకి దిగి కొంత ఊరట. కారణం దొరక్కపోతే మెదడులో రక్తస్రావం దాకా పోవచ్చు.

మూత్రాశయానికీ బీపీకీ ఉన్న ఈ లంకెను ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రి పేషంట్లలో కొలిచి చూసి, 1947లో ప్రచురించినవారు లుడ్విగ్ గట్‌మన్, డేవిడ్ విటరిడ్జ్. 1948లో గట్‌మన్ అక్కడే మొదలుపెట్టిన పోటీలే తర్వాత పారాలింపిక్స్‌కు దారితీశాయి. అలాంటి పోటీల్లోనే కొందరు చక్రాల కుర్చీ ఆటగాళ్లు కావాలని కాథెటర్ మూసి బీపీ పెంచుకుని ఆడటం మొదలుపెట్టారు. దాని పేరు బూస్టింగ్. 1994లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దాన్ని నిషేధించింది.

పెద్దవారిలో సొంత బీపీ కంటే 20 నుంచి 40 పెరిగినా ప్రమాద సూచనే. క్యాజువాలిటీలో 140 చూసిన డాక్టరుకు అది పెద్ద అంకెగా తోచదు. ఈ మనిషి రోజూ ఉండేది 95 దగ్గర అని పక్కనున్నవారు చెప్పాలి. అమెరికాలో రీవ్ ఫౌండేషన్ ఇందుకోసం జేబు కార్డులు ఇస్తోంది. ఇంట్లో తెల్లకాగితం మీద రాసుకున్నా సరిపోతుంది: గాయం ఏ స్థాయిలో ఉంది, మామూలు బీపీ ఎంత, కాథెటర్ ఎప్పుడు మార్చారు, ముందు కూర్చోబెట్టండి.