పీఎస్‌పీ ఫర్మ్‌వేర్: మార్పు, తిరుగుదారి

సోనీ తయారుచేసిన చేతి గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ పోర్టబుల్, అందరూ పిలిచే పేరు పీఎస్‌పీ, 2004 డిసెంబర్ 12న జపాన్‌లోనూ 2005 మార్చి 24న అమెరికాలోనూ అమ్మకానికి వచ్చింది. 4.3 అంగుళాల తెర, 333 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లగల ప్రాసెసర్, 32 మెగాబైట్ల ర్యామ్, యూఎండీ అనే చిన్న డిస్కు, పక్కన మెమరీ స్టిక్ పెట్టుకునే అర దాని సరంజామా. వీటన్నిటినీ నడిపేది లోపలి ఫ్లాష్ చిప్‌లో ఉండే ఫర్మ్‌వేర్. ఏ ప్రోగ్రామ్ నడవాలో, దేన్ని ఆపాలో, ప్రాసెసర్ ఎంత వేగంతో పనిచేయాలో తేల్చేది అదే. ఆ ఫర్మ్‌వేర్‌ను వాడుకునేవారే దిద్దుకుంటే దాన్ని కస్టమ్ ఫర్మ్‌వేర్ అంటారు. దాని చరిత్రను చాలామంది తాళాలు పగలగొట్టిన కథగా చెబుతారు. కానీ అందులో అసలైన పనితనం తాళం తీయడంలో కాదు, తీశాక మిషన్ చెడకుండా చూసుకోవడంలో, చెడితే మళ్లీ నిలబెట్టడంలో కనిపిస్తుంది.

పీఎస్‌పీ ఫ్లాష్ చిప్‌లో ముఖ్యమైన భాగాలు రెండు. ఫ్లాష్0లో వ్యవస్థను నడిపే ఫైళ్లుంటాయి. ఫ్లాష్1లో వాడేవారి సెట్టింగ్స్ ఉంటాయి. ఫ్లాష్1 పాడైతే భాష, తేదీ, వైఫై వివరాలు మళ్లీ నింపుకుంటే సరిపోతుంది. ఫ్లాష్0లో ఒక కీలకమైన ఫైలు పోతే మాత్రం తెర వెలగదు. పచ్చ లైటు వెలిగి ఆరిపోతుంది, అంతే. మిషన్ ‘బ్రిక్’ అయిందంటారు. ఈ తేడా తెలియకుండా చేయి పెట్టేవారికే ఎక్కువ నష్టం.

జపాన్‌లో మొదట వచ్చిన 1.00 వెర్షన్‌లో కాపలా దాదాపు లేదు. సోనీ సంతకం లేని ప్రోగ్రామ్‌ను మెమరీ స్టిక్‌లో వేస్తే నడిచేది. అమెరికాకు 1.50తో తనిఖీ వచ్చింది గానీ, అదీ ఎన్నాళ్లో నిలవలేదు. ఒకే ప్రోగ్రామ్‌ను రెండు ఫోల్డర్లుగా విడదీసి ఒకదాని పేరు చివర శాతం గుర్తు పెడితే తనిఖీ బోల్తా పడుతుందని 2005లోనే కనిపెట్టారు. అదే ఏడాది సోనీ విడుదల చేసిన 2.00లో ఆ సందు మూసి ఉంది. ఊరికే మూయలేదు, వెబ్ బ్రౌజర్‌ను ఎర వేసింది. బ్రౌజర్ కావాలంటే అప్‌డేట్ చేయాలి, చేస్తే సొంత ప్రోగ్రాములు నడవవు. కొత్త గేమ్ డిస్కులు కూడా ఫలానా వెర్షన్ ఉంటేనే ఆడతామని మొరాయించేవి.

2.00కు దారి ఒక బొమ్మ ఫైలు ద్వారా దొరికింది. టిఫ్ రకం బొమ్మలను చదివే సాఫ్ట్‌వేర్ భాగంలో పాత లోపం ఒకటి ఉంది. బొమ్మ వివరాలు ఫలానా కొలతలో ఉంటాయని నమ్మి ఆ ప్రోగ్రామ్ మెమరీలో కొంత చోటు కేటాయిస్తుంది, వచ్చే సమాచారం నిజంగా అంతే ఉందా అని కొలిచి చూడదు. కావాలని పెద్దదిగా తయారుచేసిన సమాచారం ఆ చోటు నిండి పక్కకు పొర్లుతుంది. పక్కనే ఉన్నది, పని ముగిశాక ప్రోగ్రామ్ ఎక్కడికి తిరిగి వెళ్లాలో చెప్పే చిరునామా. దాని మీద ఇంకో చిరునామా పడితే ప్రాసెసర్ అమాయకంగా అక్కడికే వెళ్లి, బొమ్మలో దాచిన ఆదేశాలను అమలు చేస్తుంది. గ్రాండ్ తెఫ్ట్ ఆటో: లిబర్టీ సిటీ స్టోరీస్ సేవ్ ఫైలుతోనూ, తర్వాత లుమినెస్, గ్రిప్‌షిఫ్ట్ గేమ్‌ల సేవ్ ఫైళ్లతోనూ జరిగింది ఇలాంటిదే. బయటి నుంచి వచ్చే ప్రతి ఫైలునూ అనుమానించాలన్న ప్రోగ్రామింగ్ పాఠానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణలు తక్కువ.

అయితే ఇలా లోపలికి వచ్చిన కోడ్‌కు మామూలు ప్రోగ్రామ్‌కు ఉండే అధికారమే ఉంటుంది. ఫ్లాష్0ను తాకాలంటే కెర్నల్ స్థాయి, అంటే వ్యవస్థ కేంద్రానికి ఉండే, అధికారం కావాలి, దానికి ఇంకో లోపం వెతకాలి. రెండూ కలిసొస్తేనే 2.00 నుంచి 1.50కి దిగే ‘డౌన్‌గ్రేడర్’ సాధ్యమైంది. అలాంటి సాధనం పేరు చెప్పుకుని 2005 అక్టోబర్‌లో ఒక ట్రోజన్ కూడా తిరిగింది. యాంటీవైరస్ సంస్థ సిమాంటెక్ దానికి పెట్టిన పేరు పీఎస్‌పీబ్రిక్. నమ్మి నడిపినవారి వ్యవస్థ ఫైళ్లను అది చెరిపేసింది. ఆ రోజుల్లో దానికి ఇంట్లో చేసుకోగల వైద్యం లేదు.

డార్క్ అలెక్స్ అనే మారుపేరుతో పనిచేసిన ప్రోగ్రామర్ 2006లో ఆట తీరు మార్చాడు. అప్పటిదాకా పాత వెర్షన్‌లో ఉండి స్వేచ్ఛ కాపాడుకోవడమో, కొత్తదానికి వెళ్లి సదుపాయాలు తీసుకోవడమో, రెండే దారులు. అతను సోనీ ఇచ్చిన కొత్త ఫర్మ్‌వేర్‌నే తీసుకుని, సంతకం తనిఖీ చేసే చోట్లు మార్చి, తన అదనపు సదుపాయాలు చేర్చి, మిగతాది చాలావరకు యథాతథంగా ఉంచాడు. ఓఈ, ఆ తర్వాత ఎం33 పేర్లతో వచ్చిన ఈ వరుస 5.00 దాకా సాగింది. వాటిలో మెచ్చుకోవలసింది రికవరీ మెనూ. ఆర్ బటన్ నొక్కిపట్టి స్విచ్ ఆన్ చేస్తే మామూలు మెనూ రాకముందే అది తెరుచుకుంటుంది. ఏదో ప్లగిన్, అంటే అదనపు పనుల కోసం చేర్చుకున్న చిన్న ప్రోగ్రామ్, తేడా చేసి మిషన్ మొదలవకపోతే అక్కడే దాన్ని ఆపేయవచ్చు. అంటే తప్పు జరుగుతుందని ముందే లెక్కవేసి కట్టారన్నమాట.

ఫ్లాష్0 పూర్తిగా పోయినవారికి 2007 ఆగస్టులో పండోరా బ్యాటరీ వచ్చింది. పీఎస్‌పీ బ్యాటరీలో ఒక చిన్న మెమరీ చిప్, అందులో సీరియల్ నంబర్ ఉంటాయి. హెక్సాడెసిమల్ లెక్కలో ఆ నంబర్‌లోని 8 స్థానాల్లోనూ ఎఫ్ అని రాస్తే, మిషన్ తనను సర్వీస్ సెంటర్‌లో పెట్టారనుకుంటుంది. ఫ్లాష్‌ను వదిలేసి, మొదటి ప్రోగ్రామ్‌ను మెమరీ స్టిక్ నుంచి చదువుకుంటుంది. సోనీ మరమ్మతుల కోసం పెట్టుకున్న దారే ఇది. ఆ స్టిక్‌లో తగిన ఫైళ్లుంటే ప్రాణం లేని మిషన్‌లోకి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కుతుంది. పీఎస్‌పీ చరిత్రలో అన్నిటికంటే గొప్ప ఆవిష్కరణ ఇదే అనిపిస్తుంది. ఇది వచ్చాకే మామూలు వాడుకరులు ధైర్యంగా ప్రయోగాలు చేయగలిగారు.

సోనీ కూడా దీన్ని గ్రహించింది. 2000 మోడల్ చివరి మదర్‌బోర్డుల్లో, 2008లో వచ్చిన 3000 మోడల్‌లో ఈ దారి మూసేసింది. 2009లో చిక్‌హెన్ అనే సాధనం 5.03 వెర్షన్‌లో మళ్లీ టిఫ్ బొమ్మలతోనే లోపలికి వెళ్లింది కానీ, మార్పు ర్యామ్‌లోనే నిలిచేది. స్విచ్ పూర్తిగా ఆపితే పోయేది, మళ్లీ మొదలు. 2010 చివరి నుంచి 2011 మొదటి వరకు ప్లేస్టేషన్ 3 భద్రత కూలినప్పుడు పీఎస్‌పీ ప్రోగ్రాములకు సంతకం చేసే కీలు కూడా బయటపడ్డాయి. ఇక లోపం వెతకనక్కర్లేదు, అసలు ఫర్మ్‌వేరే సొంత ప్రోగ్రామ్‌ను నమ్మి నడుపుతుంది. సోనీ 2015 జనవరిలో ఇచ్చిన 6.61 ఆఖరి వెర్షన్. ఇప్పుడు వాడే ప్రో, ఎల్ఎంఈ, ఆర్క్ వంటివి దాని మీదే నడుస్తాయి. ఇన్ఫినిటీ అనే సాధనంతో 3000 మోడల్ మీద కూడా మార్పు శాశ్వతంగా నిలుస్తుంది.

కస్టమ్ ఫర్మ్‌వేర్ ఎక్కించాక సెట్టింగ్స్ పని మొదలవుతుంది. మెనూలో సెలెక్ట్ బటన్ నొక్కితే అదనపు పట్టిక వస్తుంది. అందులో అందరి చూపూ పడేది ప్రాసెసర్ వేగం మీద. గేమ్‌లను సోనీ మొదట్లో 222 మెగాహెర్ట్జ్‌కే పరిమితం చేసింది, బ్యాటరీ కోసం. 2007లో 3.50తో ఆ పరిమితి సడలింది. కస్టమ్ ఫర్మ్‌వేర్‌లో దాన్ని ఎవరికి వారే 333కు పెంచుకోవచ్చు. తడబడే గేమ్‌లు నున్నగా నడుస్తాయి, ఛార్జ్ మాత్రం త్వరగా దిగుతుంది. అన్ని గేమ్‌లకూ పెంచి వదిలేయడం తెలివైన పని కాదు. నెమ్మదిగా నడిచేవాటికే పెంచుకోవాలి.

ప్లగిన్లు మెమరీ స్టిక్‌లోని ఎస్ఈప్లగిన్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. చాలా ఫర్మ్‌వేర్లలో మెనూకు, గేమ్‌లకు, పాత ప్లేస్టేషన్ 1 గేమ్‌లకు వేర్వేరు టెక్స్ట్ ఫైళ్లుంటాయి. ఒక్కో వరుసలో ప్లగిన్ దారి, చివర 1 ఉంటే నడుస్తుంది, 0 ఉంటే ఆగుతుంది. స్క్రీన్‌షాట్ తీయడం, బటన్లు మార్చుకోవడం వంటి పనులు వీటితోనే. ఒకేసారి పది చేర్చి ఏది చెడగొట్టిందో వెతుక్కోవడం కంటే, ఒకటి చేర్చి కాసేపు వాడి చూశాక ఇంకోటి చేర్చడం మేలు. థీమ్‌ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సోనీ రకం థీమ్‌లతో ప్రమాదం లేదు, ఫ్లాష్0లోని ఫైళ్లను మార్చమనేవాటికి దూరంగా ఉండాలి.

అసలు ఫర్మ్‌వేర్ ఎక్కించే పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్ కూడా తగిలించాలి. ఫ్లాష్‌లో రాస్తుండగా కరెంట్ పోతే మొత్తం పోయినట్టే. నాండ్ బ్యాకప్, అంటే ఫ్లాష్ చిప్ మొత్తానికి నకలు, తీసి కంప్యూటర్‌లో దాచుకోవాలి. అందులో ఆ ఒక్క మిషన్‌కే చెందిన వివరాలుంటాయి కాబట్టి పక్కింటివారి బ్యాకప్ పనికిరాదు. మోడల్ నంబర్ సరిచూసుకున్నాకే ఫైళ్లు దించుకోవాలి.

చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను దాటితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. ఇక్కడ ఉద్దేశం అన్న మాటకు బరువుంది. సొంతంగా రాసిన ప్రోగ్రామ్ నడుపుకోవడం వేరు, డబ్బు పెట్టి కొనని గేమ్ కాపీలు నింపుకోవడం వేరు. కస్టమ్ ఫర్మ్‌వేర్‌కు చెడ్డపేరు తెచ్చింది రెండోదే.

ఇప్పుడు పాత పీఎస్‌పీని బయటకు తీసేవారు ఫర్మ్‌వేర్ కంటే ముందు వెనుక మూత తెరిచి బ్యాటరీని చూడాలి. ఉబ్బి ఉంటే దాన్ని ఛార్జ్ చేయకూడదు, తీసి ఈ-వేస్ట్ సేకరించేవారికి ఇచ్చేయాలి. మెమరీ స్టిక్‌లు అరుదైపోయాయి గానీ మైక్రో ఎస్‌డీ కార్డు పట్టే అడాప్టర్ పెడితే పని జరుగుతుంది. వైఫై మాత్రం పాత డబ్ల్యూపీఏ దాకే తెలుసు, డబ్ల్యూపీఏ2 మాత్రమే అంగీకరించే నేటి రౌటర్లకు మామూలుగా కలవదు. అందువల్ల ఫైళ్లను కంప్యూటర్‌లో దించుకుని యూఎస్‌బీ కేబుల్‌తో ఎక్కించుకోవాలి.