మొండి నట్టుతో బేరం

ఉప్పుగాలి తిన్న విశాఖ బైకుల్లో సైలెన్సర్ నట్టు తేలిగ్గా లొంగదు. ఇనుము తుప్పుగా మారితే ఎక్కువ చోటు ఆక్రమించి, థ్రెడ్ల సందుల్లో బిగుసుకుపోతుంది.

పనితనం తెలిసిన చెయ్యి ముందే బలం చూపదు. వైర్‌బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా వదిలేస్తుంది. (1953లో పుట్టిన డబ్ల్యూడీ-40 అసలు పని తేమను తరమడమే అయినా, చాలామందికి సర్వరోగ నివారిణి అదే!) పొద్దున్నే సుత్తితో చుట్టూ చిన్న దెబ్బలు. ఆరు మూలల సాకెట్‌ను పూర్తిగా కూర్చోబెట్టి, ముందు వెంట్రుకవాసి బిగించే వైపే తిప్పడం చూడముచ్చటైన ఒడుపు. 'టిక్' మని పట్టు తెగుతుంది. ఇక విప్పే వైపు పావు చుట్టు, కాస్త వెనక్కి, మళ్లీ ముందుకు.

స్పానర్‌కు పైపు తొడిగి వేలాడటం చిట్టచివరి మాట. ఆ బలానికి నట్టు పట్టుకున్న స్టడ్డు సిలిండర్ హెడ్‌లోనే విరిగితే డ్రిల్లు పెట్టి తోడాల్సిందే.