బొరుసు వైపు చిన్న అక్షరం

1918 ఏప్రిల్‌లో అమెరికా చట్టసభ తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి అమ్ముకోవడానికి ఒక చట్టం చేసింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరుతో దాన్ని పిట్‌మన్ చట్టం అంటారు. దాని కింద కరిగిపోయిన డాలర్లు 27 కోట్ల పైమాటే. ఆ వెండిలో సింహభాగం ఓడలెక్కి వచ్చింది ఇండియాకే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడి జనం కాగితం నోటును నమ్మలేదు, వెండి రూపాయే కావాలన్నారు. వెండి నిల్వలు అడుగంటిన బ్రిటిష్ ప్రభుత్వం అమెరికా తలుపు తట్టింది. ముత్తవ్వల పెట్టెల్లో ఐదో జార్జి బొమ్మతో దొరికే రూపాయల్లో కొన్నింటి వెండి ఒకప్పుడు డాలరై ఉండొచ్చు.

నాణేలు సేకరించేవాళ్లకు ఈ కథలో అసలు చిక్కు వేరే ఉంది. ఏ సంవత్సరం డాలర్లు ఎన్ని కరిగాయో ఎవరూ రాసిపెట్టలేదు. టంకశాల లెక్క ఎన్ని కొట్టారో చెబుతుంది కానీ ఎన్ని మిగిలాయో చెప్పదు. ధర మాత్రం మిగిలినవాటిని బట్టే ఉంటుంది.

అలా కరిగిపోయినవాటిలో అత్యధికం మోర్గాన్ డాలర్లు. ఇంగ్లండు నుంచి వచ్చిన జార్జ్ మోర్గాన్ అనే చెక్కుడు పనివాడు రూపొందించిన ఈ నాణెం 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో వెలువడింది. బొమ్మ వైపు కనిపించే లిబర్టీ దేవి ముఖానికి నమూనా ఫిలడెల్ఫియాకు చెందిన అన్నా విలియమ్స్ అనే యువతి. ప్రభుత్వం నెలనెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల విలువైన వెండి కొని నాణేలు కొట్టాలని 1878లో చట్టం వచ్చింది. వెండి గనుల యజమానులకు పండగే. జనానికి మాత్రం ఇంత బరువైన నాణెం జేబులో మోయడం ఇష్టం లేకపోయింది. దాంతో కోట్లాది డాలర్లు వెయ్యేసి చొప్పున సంచుల్లో చేరి ఖజానాలోనే ఉండిపోయాయి.

చేతికి అలాంటి నాణెం వస్తే తెలిసినవాళ్లు ముందు త్రాసు తీస్తారు. బరువు 26.73 గ్రాములు, అడ్డుకొలత 38.1 మిల్లీమీటర్లు, నూటికి 90 పాళ్లు వెండి, మిగతాది రాగి ఉండాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చూడాల్సిన పని లేదు, అది నకిలీ. తర్వాత నాణేన్ని బొరుసు వైపు తిప్పుతారు. రెక్కలు విప్పిన గద్ద కింద ఆకుల దండ, దాని ముడి కింద ఒక చిన్న అక్షరం ఉంటాయి. నాణెం ఏ టంకశాలలో కొట్టారో ఆ అక్షరం చెబుతుంది. ‘ఎస్’ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ‘ఓ’ అంటే న్యూ ఆర్లీన్స్, ‘సీసీ’ అంటే నెవాడాలోని కార్సన్ సిటీ. ‘డీ’ అంటే డెన్వర్, అది 1921 నాణేల మీదే కనిపిస్తుంది. అక్షరమే లేకపోతే ఫిలడెల్ఫియా.

ఈ అక్షరం ధరను ఎంత మారుస్తుందో 1884 నాణేలు చూపిస్తాయి. ఆ ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో 32 లక్షలు కొట్టారు, కార్సన్ సిటీలో 11 లక్షల 36 వేలు. తక్కువ కొట్టిందే ఎక్కువ పలకాలి కదా? అరగని నాణేల విషయంలో అంతా తలకిందులు. కార్సన్ సిటీ నాణేల్లో 9 లక్షల 60 వేలకు పైగా వాడకంలోకే రాకుండా ఖజానాలో పడి ఉండి, 1972 నుంచి 1980 దాకా ప్రభుత్వం చేసిన అమ్మకాల్లో బయటికొచ్చాయి. అందుకే అవి మెరుపు చెదరకుండా ఇప్పటికీ దొరుకుతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోవి జనం చేతుల్లో తిరిగి అరిగిపోయాయి. అరిగిన ‘ఎస్’ మామూలు ధరకే వస్తుంది, అరగని ‘ఎస్’ కావాలంటే వేల డాలర్లు పోయాలి.

అరుగుదలను కొలవడం ఒక విద్య. విలియం షెల్డన్ అనే మానసిక శాస్త్రవేత్త 1949లో పాత రాగి సెంట్ల కోసం 1 నుంచి 70 దాకా ఒక కొలబద్ద తయారు చేశాడు. నేడు నాణేలన్నింటికీ వాడేది దాన్నే. 60, ఆపైన అంటే వాడకంలోకి రానివి. మోర్గాన్ డాలరులో మొదట అరిగేవి లిబర్టీ చెవి మీది జుట్టు, గద్ద రొమ్ము ఈకలు. దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పితే ఉపరితలం మీద కాంతి చక్రంలా తిరగాలి. ఆ కాంతి తెగితే అరుగుదల ఉన్నట్టే. లిబర్టీ చెంప మీద చిన్న గాట్లు ఉంటే అవి సంచిలో తోటి నాణేలు చేసినవి. వాటిని అరుగుదల కింద లెక్కించరు, కొలబద్ద మీది అంకె మాత్రం తగ్గిస్తారు.

మన ఇళ్లలో వెండి సామాను నల్లబడితే విభూతితో తోముతాం. నాణేన్ని అలా తోమితే దాని విలువ అక్కడితో సరి. తోమిన సన్నని గీతలు భూతద్దంలో ఇట్టే పట్టుబడతాయి. పైగా వెండి తనంతట తాను తెచ్చుకున్న నీలి, బంగారు ఛాయల కోసం అదనంగా డబ్బిచ్చేవాళ్లున్నారు.

నకిలీల బెడద ఎక్కువగా ఉన్నది 1893 ‘ఎస్’ నాణేనికి. కొట్టింది లక్షే. వాడకానికి కొట్టిన మోర్గాన్‌లలో ఇంత తక్కువ సంఖ్య మరొకటి లేదు. 2021లో ఒక మేలిరకం నాణెం 20 లక్షల డాలర్లు దాటింది. ఇలాంటి ధరల వల్లే 1893 నాటి ఫిలడెల్ఫియా నాణేనికి ‘ఎస్’ అతికించే మోసగాళ్లు పుట్టుకొచ్చారు. అయితే అసలువాటన్నింటికీ బొమ్మ వైపు వాడిన అచ్చు ఒక్కటే. తలపట్టీ మీద ‘లిబర్టీ’ అన్న మాటలోని టీ అక్షరం పైభాగాన ఒక సన్నని ఉబ్బెత్తు గీత ఉంటుంది. నిపుణులు ‘ఎస్’ కంటే ముందు ఆ గీతను వెతుకుతారు.

ధర శాశ్వతమని నమ్మినవాళ్లకు 1962 మంచి పాఠమే చెప్పింది. అప్పటిదాకా 1903 ‘ఓ’ డాలరు, అదీ మెరుపు చెదరనిది, కనిపించడమే గగనం. పిట్‌మన్ కొలిమిలో పోయిందనుకున్నారు. ఆ ఏడాది చివర్లో ఖజానా పాత సంచులు విప్పితే అవే కుప్పలుగా బయటపడ్డాయి. సేకర్తలు ఆల్బమ్‌లలో అపురూపంగా దాచుకున్న నాణేల ధర కొద్ది వారాల్లోనే కూలిపోయింది.

అమెరికాలో తెలుగువాళ్లు పాత సామాను అమ్మకాల్లోనో, వెండి కొనే దుకాణాల్లోనో ఇలాంటి డాలర్లు చూస్తూనే ఉంటారు. కొన్నది ఏదైనా తోమకండి, అంచులు పట్టుకుని తీయండి, సంవత్సరం, అక్షరం చూడండి. ‘సీసీ’ కానీ 1893 ‘ఎస్’ కానీ అయితే సొంత తీర్పు చెప్పుకోకుండా, పరీక్షించి ప్లాస్టిక్ పెట్టెలో ముద్ర వేసి ఇచ్చే సంస్థలకు పంపండి. అరిగిపోయిన 1921 నాణెం అయితే అంత శ్రమ అక్కర్లేదు. ఆ ఏడాది ఫిలడెల్ఫియా ఒక్కటే 4 కోట్ల 40 లక్షలకు పైగా కొట్టింది, దాని ధర అందులో ఉన్న 24 గ్రాముల వెండి ధరకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది.