ఫొటోలో లేనివాళ్లు

తిరువూరు బస్టాండు దగ్గర టీ కొట్టులో పేపరు చేతికొస్తే మనవాళ్లు ముందు జిల్లా పేజీ తిప్పుతారు. ఆ పేజీలో అప్పుడప్పుడూ ఒక ఫొటో వస్తుంది. ఎన్నేళ్లయినా దాని కూర్పు మారదు. వెనక వరుసలో ఖాకీ దుస్తులవాళ్లు నిలబడి ఉంటారు. ముందు నేల మీద ముగ్గురో నలుగురో తువ్వాళ్లు మొహాల మీదికి లాక్కొని కూర్చుని ఉంటారు. మధ్యలో బల్ల. బల్ల మీద అలుగు పొలుసులు, లేకపోతే నక్షత్ర తాబేళ్లు, లేకపోతే ప్లాస్టిక్ డబ్బాలో ముడుచుకు పడుకున్న రెండు తలల పాము. కింద రెండు ముక్కలు: నిందితులు ఫలానా తండావాళ్లు, సరుకు విలువ అంతర్జాతీయ మార్కెట్లో ఇంత.

ఈమధ్య ఆ ఫొటో చుట్టూ సాగే కబుర్లలో కొత్త మాట ఒకటి చేరింది. "ఇదంతా క్రిప్టోలో నడుస్తోందంట." అన్నవాళ్లకు క్రిప్టో అంటే ఏమిటో తెలియకపోవచ్చు. తప్పేం లేదు, మాకూ చాలాకాలం తెలియదు. కానీ ఆ మాట పడగానే చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపడం చూశాం. ఇక అడగాల్సింది ఏమీ లేదన్నట్టు.

మేము లంబాడీ, ఎరుకల, యానాది ఇళ్లలోంచి వచ్చి రాసుకుంటున్నవాళ్లం. కథల్నీ కవితల్నీ ముందేసుకుని మాట్లాడుకున్నట్టే ఈ వార్తను కూడా ఒక రచనగా చదివి చూద్దామనుకున్నాం. ఇందులో ఎవరికి ఊరూ కులమూ ఉన్నాయి, ఎవరికి లేవు? డబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ మాయమవుతోంది? నాణెం గురించి చెప్పేదాంట్లో నిజమెంత?

ముందు నాణెం సంగతి. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో తొమ్మిది పేజీల కాగితం ఒకటి ఇంటర్నెట్లో వచ్చింది. ఆ పేరు వెనక ఉన్నది ఒకరో పదిమందో నేటికీ తేలలేదు. బ్యాంకు మధ్యలో లేకుండా ఒకరి నుంచి ఒకరికి డబ్బు పంపడం ఎలాగో అందులో ఉంది. 2009 జనవరిలో బిట్‌కాయిన్ మొదలైంది. 2011లో సిల్క్‌రోడ్ అనే చీకటి అంగడి తెరుచుకుని మత్తుమందులు అమ్మింది, బిట్‌కాయిన్ పుచ్చుకుంది. 2013 అక్టోబరులో అమెరికా పోలీసులు దాన్ని మూయించారు. నాణేనికి చెడ్డపేరు అక్కడే అంటుకుంది. అప్పటి నుంచి ఏ దొంగ వ్యాపారం గురించి రాసినా చివర క్రిప్టో అన్న మాట తాలింపులా పడుతోంది.

మరి అడవి జంతువుల వ్యాపారంలో దాని వాటా ఎంత? 2017లో ఇంటర్‌పోల్ ఈ చీకటి అంగళ్లను వెతికించింది. ఖడ్గమృగం కొమ్ము, ఏనుగు దంతం అమ్ముతామన్న ప్రకటనలు దొరికాయి గానీ లెక్కపెట్టగలిగినన్నే. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2014 నుంచి 2020 దాకా ఆ అంగళ్లలో వచ్చిన ప్రకటనల్ని జల్లెడ పట్టి 2023లో ఫలితం ప్రచురించారు. నూటయాభైకి పైగా జీవజాతులు కనిపించాయి. వాటిలో అధికభాగం మత్తు కోసం వాడే మొక్కలు, అలాంటివే. పులీ అలుగూ కావు. అక్రమ డబ్బు మీద నిఘా పెట్టే దేశాల కూటమి ఎఫ్ఏటీఎఫ్ 2020 జూన్‌లో వన్యప్రాణి వ్యాపారంపై నివేదిక ఇచ్చింది. అందులో ప్రధానంగా కనిపించేవి చేతి నగదు, హవాలా, బోగస్ కంపెనీలు, మామూలు బ్యాంకు ఖాతాలు.

అసలు చీకటి అంగడిదాకా పోవాల్సిన పనేముంది? హత్తా జోడీ సంగతి గుర్తుచేసుకుందాం. రెండు చేతులు జోడించినట్టు ఉండే ఎండు వేరు అని, ఇంట్లో పెట్టుకుంటే లక్ష్మి నిలుస్తుందని అమ్మేవారు. అది వేరు కాదు, మగ ఉడుము జననాంగం. 2017లో పరిశోధకులు పరీక్షచేసి బయటపెట్టేనాటికి అది పేరున్న ఆన్‌లైన్ దుకాణాల్లో దొరుకుతోంది. పాదరక్షలు కొన్నట్టు కొనుక్కోవచ్చు. క్రిప్టో అక్కర్లేదు, ముసుగు అక్కర్లేదు. తువ్వాలు అవసరమైంది ఉడుమును పట్టినవాడికి ఒక్కడికే.

ఇంత చెప్పి క్రిప్టోను వెనకేసుకొస్తున్నామని అనుకోవద్దు. దేశం దాటించడానికి, మధ్యలో ఏ గుమాస్తా ప్రశ్నా లేకుండా సొమ్ము తరలించడానికి అది పనికొస్తుంది. అందులోనూ డాలరుతో విలువ ముడిపెట్టిన నాణేలు వచ్చాక ధర ఒడుదొడుకుల భయం కూడా తగ్గింది. రేపు అలుగు పొలుసుల సొమ్ము ఆ దారి పట్టదని మేము హామీ ఇవ్వలేం. అయితే ఒక చిత్రం ఉంది. బిట్‌కాయిన్ లెక్కంతా ఒక బహిరంగ పద్దుపుస్తకంలో ఉంటుంది. పేర్లు ఉండవు గానీ ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు ఎంత వెళ్లిందో ఉంటుంది, చెరిపేయడానికి వీల్లేదు. 2016లో బిట్‌ఫినెక్స్ అనే మారకం సంస్థ నుంచి లక్షా ఇరవై వేల దాకా బిట్‌కాయిన్లు దొంగలుపడి ఎత్తుకుపోతే, ఆ పద్దు పట్టుకునే ఆరేళ్ల తర్వాత, 2022 ఫిబ్రవరిలో, తొంభైనాలుగు వేలు తిరిగి స్వాధీనం చేసుకున్నారు. వెతకాలనుకుంటే వెతకవచ్చన్న మాట. చెన్నైలోనో కోల్‌కతాలోనో గుడ్డసంచిలో చేతులు మారిన నోట్లకు ఆ పద్దు కూడా లేదు. కనుక "క్రిప్టోలో నడుస్తోంది, దొరకదు" అనే మాట మాకు సమాచారంలా కాక సాకులా వినిపిస్తోంది.

ఇంకో ముచ్చట. 2018లో దక్షిణాఫ్రికాలో రైనో కాయిన్ అని ఒకటి వచ్చింది. ఒక్కో నాణెం వెనక చట్టబద్ధంగా దాచిన ఒక గ్రాము ఖడ్గమృగం కొమ్ము ఉంటుంది. వచ్చే డబ్బు ఆ జంతువుల సంరక్షణకు పోతుందని చెప్పారు. కొమ్మును తాకకుండానే కొమ్ముకు యజమాని కావచ్చు. ఇది నేరం కాదు, వ్యాపారం. తెల్లచొక్కా వేసుకొని కంప్యూటరు ముందు కూర్చుని కొమ్ము కొంటే పెట్టుబడిదారు. అడవిలో కొడవలి పట్టుకుంటే వేటగాడు. కొమ్ము అదే.

ఇప్పుడు పేరు సంగతికి వద్దాం. మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. క్రిప్టోకు చెడ్డపేరు వచ్చిందన్నాం. ఆ పేరును కడుక్కోవడానికి మన దేశంలో దానికి ఎంతకాలం పట్టింది? 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు, ఈ నాణేలతో లావాదేవీలు పెట్టుకోవద్దని బ్యాంకులకు చెప్పింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 2022 ఏప్రిల్ ఒకటి నుంచి లాభంపై ముప్పై శాతం పన్ను వేశారు. 2023 మార్చిలో ఆ వ్యాపారులను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చి లెక్కలు చూపమన్నారు. అయిదేళ్లలో నిషిద్ధవస్తువు కాస్తా పన్ను కట్టే ఆస్తి అయింది. కోర్టులో దాని తరఫున వాదించడానికి పెద్ద లాయర్లు దొరికారు.

మా పేరు చూడండి. 1871లో తెల్లవాళ్లు నేరస్థ జాతుల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఎరుకలవాళ్లను, కొన్ని జిల్లాల్లో లంబాడీలను, యానాదులను పుట్టుకతోనే నేరస్థులుగా రాశారు. రాత్రిళ్లు హాజరు, ఊరు దాటాలంటే చీటీ. 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో పెట్టి స్టూవర్టుపురం కట్టారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలోనూ అలాంటి సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. పోయి డెబ్బై ఏళ్లు దాటింది. 1991లో యండమూరి వీరేంద్రనాథ్ 'స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్' తీశారు. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. అభ్యంతరం చెప్పడానికి మనవాళ్లు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఆ ఊళ్లో చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఎంతమంది ఉన్నా ఊరి పేరు చెబితే ఎదుటివాడి చెయ్యి జేబు మీదికి పోతుందని మాలో ఒకరు ఎప్పుడూ అంటారు. తాను మాత్రం ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఊరు బాపట్ల దగ్గర అని చెప్పి ఊరుకునేవాడట.

సినిమాల మాట వచ్చింది కనుక 'పుష్ప' గురించి. 2021 డిసెంబరులో మొదటి భాగం వచ్చినప్పుడు మా పిల్లలంతా గడ్డం కింద చెయ్యి తిప్పుకుంటూ తిరిగారు. మేమూ చూశాం, నచ్చిన ఘట్టం ఒకటుంది. మంగళం శ్రీను తమకిచ్చే ధరకూ, అదే దుంగను చెన్నైలో అమ్ముకునే ధరకూ తేడా ఎంతో పుష్పరాజు కనిపెడతాడు. ఎర్రచందనం కథలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. ఆ ప్రశ్న ఒక కూలీ నోట రావడం బాగుంది. తర్వాతే మాకు పేచీ. ఆ తేడా తన జేబులోకి వచ్చాక పుష్పరాజుకు ప్రశ్న తీరిపోతుంది. గొడ్డలి పట్టినవాళ్లు వెనక గుంపుగానే మిగులుతారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పుల్లో చనిపోయిన ఇరవైమంది తమిళనాడు కూలీలు, అందులో జవ్వాది కొండల మలయాళి గిరిజనులు, ఆ గుంపులోంచి వచ్చినవాళ్లే. వాళ్లు కొట్టిన దుంగ ఓడరేవు దాటింది. దాన్ని అవతల కొన్నవాడి మీద కాల్పులు జరిగినట్టు మేమెక్కడా చదవలేదు. (పక్కమాట: ఆ సినిమాలో దుంగల వ్యాపారి పేరు కొండారెడ్డి. పాపికొండల్లో పోడు చేసుకునే కొండరెడ్లకూ ఆ పేరుకూ సంబంధం లేదు. కానీ మాలో ఒక కొండరెడ్డి కుర్రాణ్ణి హాస్టల్లో స్మగ్లర్ అని ఏడిపించారు.)

దానితో పోలిస్తే 2024లో ఓటీటీలో వచ్చిన 'పోచర్' మాకు ఎక్కువ నచ్చింది. 2015లో కేరళలో బయటపడ్డ ఏనుగు దంతాల కేసు ఆధారంగా రిచీ మెహతా తీశారు. అడవి వాచరు ఒకడు వచ్చి ఒప్పుకోవడంతో మొదలవుతుంది. అయితే కెమెరా అక్కడ ఆగిపోదు. మధ్యవర్తులు, చెక్కడంవాళ్లు, చివరికి ఢిల్లీలో అమ్ముకునే పెద్దమనుషుల దాకా ఎక్కుతుంది. మన జిల్లా పేజీ ఫొటో దిగిపోయిన మెట్టు దగ్గర ఈ కథ ఎక్కడం మొదలుపెడుతుంది.

రెండు తలల పాము విషయం చెప్పకుండా ముగించలేం, ఎందుకంటే నాణేనికీ దానికీ చుట్టరికం ఉంది. దానికి రెండో తల లేదు. తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుంది. విషం లేదు. మెత్తనేలలో దూరి ఎలుకల్ని తిని పొలానికి మేలు చేస్తుంది. కానీ వాట్సాప్‌లో దాన్ని తక్కెట్లో తూచుతున్న వీడియోలు తిరుగుతుంటాయి, బరువును బట్టి లక్షలు, కోట్లు. ఎవరు కొంటారు, ఎందుకు కొంటారు అంటే ఎవరూ చెప్పలేరు. ప్రతివాడూ తన వెనక ఇంకో కొనేవాడు ఉన్నాడని నమ్ముతాడు. అంతే దాని ధర. ఎ.కొండూరు వైపు ఒక తండాలో మా చుట్టం కుర్రాడు మిర్చి అమ్మిన డబ్బులో అరవైవేలు ఫోనులో ఏదో కాయిన్ యాప్‌లో పెట్టాడు. నెల తిరక్కుండా యాప్ తెరుచుకోవడం మానేసింది. తనకంటే ముందు చేరినవాడికి డబ్బొచ్చిందని, తన వెనక ఇంకొకడు చేరతాడని వాడూ నమ్మాడు. కోటి రూపాయల పాము ఉందని రెండేళ్ల క్రితం ఒకడు వచ్చినప్పుడు నమ్మనిది ఈ కుర్రాడే. "పాము కనపడుద్ది కదన్నా, అందుకే అనుమానమొచ్చింది" అన్నాడు.

పాముతో పట్టుబడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, అలుగు లాంటి మొదటి షెడ్యూలు జంతువైతే, రుజువైన చోట కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. 2022 సవరణతో జరిమానా కనీసం పాతికవేలు. బల్ల మీద పొలుసుల విలువ లక్షల్లో రాసినవాళ్లు, పట్టి తెచ్చినవాడికి ముట్టింది ఎంతో రాయరు. మాకు తెలిసినంతలో అది వారం కూలికి అటూ ఇటూ ఉంటుంది. వకీలుకు ఇచ్చేది అంతకు ఎన్నో రెట్లు. అడవిని తిన్నవాడు తప్పు చేయలేదని మా వాదన కాదు. అలుగు మా అడవిలోదే, పోతే ముందు మాకే పోతుంది. చెరువు నిండితే పారే అలుగూ, చీమలు తినే అలుగూ రెండూ తెలియని పిల్లలు మా ఇళ్లలోనే పెరుగుతున్నారు.

వన్యప్రాణి నేరాలు మనీలాండరింగ్ చట్టం జాబితాలో ఉన్నవే. అంటే డబ్బు వెంట పోయే అధికారం చట్టంలో ఉంది. ఈ సంగతి మేము ఇక్కడి ఒక విలేకరితో అన్నాం. కొన్నవాడు ఎవరు, ముందు సొమ్ము ఏ ఖాతాలోంచి వచ్చింది, కేసు చివరికి ఏమైంది, ఈ మూడూ ఎందుకు రాయరు అని అడిగాం. మంచివాడే, మా కథలు చదివినవాడు. "ప్రెస్‌నోట్‌లో ఉండవండీ" అన్నాడు. ఉండవని మాకూ తెలుసు. కిందటిసారి ఫొటోలో కూర్చున్న నలుగురిలో ఇద్దరి కేసు కొట్టేశారని, ఆ సంగతి ఏ పేపర్లోనూ రాలేదని చెప్పాం. వాళ్ల తండా పేరు అడిగాడు. చెప్పాలా వద్దా అని మాలో మాకే కాసేపు తేలలేదు.