టీచరు చేతిలో పుస్తకం

మిరపకోతలు మొదలయ్యాయంటే గుంటూరు జిల్లా పల్లె బడుల్లో హాజరు పలచబడుతుంది. అమ్మ వెంట చేలోకి పోయే పిల్లలు కొందరు, కల్లం దగ్గర తాలుకాయలు ఏరుతూ చంటివాణ్ణి కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కొందరు. ఆ ఇళ్ళలో చాలావాటికి అచ్చుకాగితం వచ్చేది బజ్జీల పొట్లంగానే. ఆ ఇళ్ళను నేను తక్కువ చేయడం లేదు. లెక్క కట్టడంలో, కథ చెప్పడంలో అక్కడి అమ్మమ్మలకు సాటి వచ్చేవాళ్ళు తక్కువ. కానీ వయసొచ్చిన మనిషి తీరిగ్గా కూర్చుని, తన కోసం తాను పుస్తకం చదువుకోవడం ఆ పిల్లలు ఎక్కడ చూస్తారు? బడిలో చూడాలి. అక్కడా కనపడకపోతే ఇంకెక్కడా కనపడదు.

అందుకే పెదకాకాని మండలంలో ఒక ప్రాథమిక పాఠశాలలో చూసింది నా మనసులో ఉండిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. పిల్లలు కుళాయి దగ్గర పళ్ళేలు కడుక్కుంటున్నారు. గుంటూరు నుంచి బస్సులో వచ్చే టీచరు వరండా స్తంభానికి ఆనుకుని ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ చదువుకుంటున్నారు. ఉన్నట్టుండి పకపకా నవ్వారు. మూడో తరగతి పిల్ల ఒకతి తడిపళ్ళెం పట్టుకునే పరుగెత్తుకొచ్చింది.

“ఏంటి టీచర్, నవ్వుతున్నారు?”

ఆవిడ పుస్తకం మూసి పాఠం మొదలుపెట్టలేదు. “ఇటు రామ్మా, చూడు” అని బాపు బొమ్మ చూపించారు. బుడుగు అనే ఆ పిల్లోడి గడుసుతనం గురించి రెండు ముక్కలు చెప్పి, మళ్ళీ తన చదువులో పడిపోయారు. ఆ పిల్లకు ఒత్తులు ఇంకా పట్టుబడలేదట. అయినా లోపలికి వెళ్ళి ఒక బొమ్మల పుస్తకం తెచ్చుకుని పక్కనే చతికిలబడింది. టీచరు లాగే నాలుకతో వేలు తడి చేసుకుని పేజీ తిప్పింది. గంట కొట్టాక ఆవిడ చదివినంత వరకు గుర్తుగా బస్సు టికెట్ పెట్టుకుంటుంటే, “నాకూ ఒక టికెట్ ఇవ్వండి టీచర్” అంది.

ఆ టికెట్ అడగడం నాకు చాలా పెద్ద విషయంగా తోచింది. ఆపిన చోటి నుంచి రేపు మళ్ళీ చదవాలని ఆ పిల్లకు అనిపించిందన్నమాట. ఎవరూ చదవమనలేదు. చదివాక ప్రశ్నలూ అడగలేదు. పిల్ల పుస్తకం మూసీ మూయకముందే “ఇందులో నీతి ఏమిటి?” అని నిలదీసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అది పిల్లల్ని పుస్తకానికి దూరం చేస్తుందని నా గట్టి నమ్మకం.

దేవాలయం గుమ్మం దగ్గర భిక్ష అడిగినవాడితో, వెండి బంగారాలు నా దగ్గర లేవని పేతురు అన్న సంగతి మన ఊళ్ళలో చాలామందికి తెలుసు. తన దగ్గర లేనిది ఎవరూ ఇవ్వలేరన్న అర్థంలో, అమెరికాలో ఆంథనీ ఆపిల్‌గేట్, మేరీ ఆపిల్‌గేట్ అనే ఆచార్యులు 2004లో పేతురు పేరునే ఒక పరిశీలనకు పెట్టారు. ఉపాధ్యాయులు కాబోతున్న విద్యార్థుల్లో సగానికి పైగా చదవడం మీద ఉత్సాహం లేనివాళ్ళేనని వాళ్ళు గమనించారు. ఇంగ్లండులో టెరెసా క్రెమిన్ బృందం 1,200 మంది ప్రాథమిక ఉపాధ్యాయులను అడిగితే, 22 శాతం మంది ఒక్క కవి పేరు కూడా రాయలేకపోయారు. పిల్లల పుస్తకాల గురించి మనల్ని అడిగితే చందమామ దగ్గర ఆగుతాం. 1947లో మొదలై, మన తెనాలివాళ్ళయిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దిన పత్రిక కాబట్టి ఆ ప్రేమ సహజమే. కానీ అది ఆగిపోయి పదేళ్ళు దాటింది. ‘మంచి పుస్తకం’ ప్రచురణ సంస్థ వాళ్ళ చిన్న బొమ్మల పుస్తకాలు, అమెరికాలోని తెలుగు సంఘం తానాతో కలిసి వాళ్ళు పెట్టిన పోటీల్లో వచ్చిన పిల్లల నవలలు మనలో ఎంతమంది తిరగేశాం?

టీచర్లకు తీరిక ఎక్కడిదంటారు. న్యాయమైన మాటే. హాజరు, భోజనాల లెక్క, ఫొటోలు, అన్నీ ఫోన్లోనే ఎక్కించాలి. కొందరు ఆ ఫోన్లోనే మంచి కథలూ చదువుకుంటారు. చిక్కేమిటంటే, అది పిల్లలకు తెలియదు. ఫోన్ చూస్తున్న టీచరు నవల చదువుతున్నారో, జీతం మెసేజ్ చూసుకుంటున్నారో వాళ్ళకెలా తెలుస్తుంది? పుస్తకానికైతే అట్ట మీద బొమ్మ ఉంటుంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత అయిందో కనపడుతుంది. “అయిపోయాక నాకిస్తారా?” అని అడగొచ్చు. రాత్రిపూట ఇంట్లో చదువుకునే టీచర్లకు నా మనవి ఇదే: ఆ పుస్తకాన్ని సంచిలో వేసుకుని బడికి కూడా తెచ్చుకోండి.

బడిలో పుస్తకాలు లేవనడానికీ లేదు. చాలాచోట్ల బీరువాలో ఉన్నాయి. చిరిగినా, పోయినా స్టాక్ రిజిస్టర్‌కు జవాబు చెప్పాలన్న భయంతో తాళం పడుతోంది. పెదకాకానికి దగ్గర్లోనే, కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలో ఊరూరా తిప్పారు. తడుస్తాయని భయపడి ఉంటే ఆ పడవ కదిలేదే కాదు.

స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పది నిమిషాలు ఇందుకు కేటాయించాలని నా కోరిక. ఈ మధ్య ఏం చదివారో టీచర్లు ఒకరికొకరు చెప్పుకోవాలి. నివేదిక వద్దు, ఫొటో వద్దు. నచ్చని పుస్తకం గురించీ చెప్పొచ్చు, సగంలో వదిలేసిన దాని గురించీ చెప్పొచ్చు. మొహమాటంతో మొదటిసారి ఎవరూ నోరు విప్పకపోయినా ఫర్వాలేదు. తెచ్చిన పుస్తకాలు బల్ల మీద పెట్టి, ఒకరివి ఒకరు పట్టుకెళ్ళండి.